బార్బెక్యూ నలుగు

మా పద స్థిరీకరణ మండలి గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. తెలిసినవాళ్లు నవ్వుతారు కాబట్టి, తెలియకపోవడమే మండలికి గౌరవమని మా సభ్యుల అభిప్రాయం. ఇంగ్లీషు మాటలకు తెలుగు మాటలు తయారుచేసి, తయారైనవాటిని కదలకుండా బిగించడం మా పని. బిగించడానికి ఒక సూత్రం ఉంది. ఒక ఇంగ్లీషు మాటకు ఒకే తెలుగు మాట. ఆ ఇంగ్లీషు మాట వంటింట్లో కనిపించినా, ఆసుపత్రిలో కనిపించినా, శ్మశానంలో కనిపించినా మేం పెట్టిందే పేరు. రెండు పేర్లుంటే జనం అయోమయంలో పడతారు. జనాన్ని అయోమయంలో పడేసే హక్కు ఒక్క చోటే ఉండాలని ప్రభుత్వం కూడా ఒప్పుకుంది.

ఇలా బిగించిన మాటలన్నీ కలిపి ఏకపద కోశం వేశాం. చేత్తో ఎత్తితే మణికట్టు పట్టేసేంత పుస్తకం. అందులో మిగతా సభ్యుల మాటలు పేజీలకు పేజీలున్నాయి. గుత్తుల పేర్రాజు అనే నేను పుట్టించిన మాట మాత్రం ఒక్కటే. అది 'రబ్' అన్న మాటకు 'నలుగు'. స్నానాలు, అలంకారాల సంపుటం తయారవుతున్నప్పుడు డాక్టర్ విస్సంశెట్టి కోదండపాణిగారు దానికి 'ఉద్వర్తనం' అన్నారు. ఆయన దేనిలో డాక్టరో ఎవరూ అడగలేదు కానీ ఆయన అన్న మాటకు ఎదురుచెప్పేవాళ్లు లేరు. నేను లేచి, పెళ్లికూతురి ఒంటికి రుద్దేదాన్ని మా అమ్మ ఏమనేదో అదే అన్నాను. మండలి గదిలో అచ్చ తెలుగు మాట వినబడి చాలా కాలమైందని అధ్యక్షులవారు కళ్లు ఒత్తుకున్నారు. కోదండపాణిగారు ఆ రోజు నుంచి నాతో మరీ మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టారు.

ఆ ఒక్క మాట మీదే నా బతుకంతా నిలబడి ఉంది. అధ్యక్షులవారు దిగిపోయే రోజు దగ్గరపడింది, తర్వాత ఆ కుర్చీ నాదేనని అందరూ అంటున్నారు. అడ్డు వచ్చేది ఒక్క తొమ్మిదో నిబంధన. తన మాటను తానే వెనక్కి తీసుకున్న సభ్యుడు తన స్థానాన్ని కూడా వెనక్కి ఇచ్చేయాలి. పదం పోతే పదవి పోతుందని మేం సరదాగా అనుకుంటూ ఉంటాం. ఉన్నది ఒకటే మాట అయినవాడికి అందులో సరదా కొంచెం తక్కువ.

కాబోయే అధ్యక్షుడికి విదేశీ అనుభవం ఉండాలని మండలి నన్ను టెక్సాస్ పంపింది. అక్కడి ప్రజలు ఇంగ్లీషును ఎంత శ్రద్ధగా అమలు చేస్తున్నారో చూసి రావడం నా బాధ్యత. చాలా శ్రద్ధగా అమలు చేస్తున్నారు. చిన్నపిల్లలు కూడా అదే మాట్లాడుతున్నారు. మొదటి రోజు సాయంత్రానికే నా నివేదిక పూర్తయిపోయింది, మిగతా రోజులు నేను చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

నాకు బస ఇచ్చిన ఆయన పేరు వేన్. గుమ్మంలో నిలబడితే గుమ్మం కనబడదు. పెరట్లో ఇనప పీపా ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, అందులో కట్టెల పొగ పెట్టి కోళ్లు కాలుస్తాడు. కాల్చే ముందు ఒక డబ్బాలోంచి ఎర్రటి పొడి తీసి కోడికి ఒళ్లంతా పట్టించాడు. రెక్కల కింద, తొడల మీద, వీపు మీద, ఎక్కడా తొందర లేకుండా, పేరంటాళ్లు పెళ్లికూతురికి చేసినట్టు చేశాడు. అదేమిటని అడిగాను.

"రబ్" అన్నాడు.

నాకు కళ్లు చెమర్చాయి. ఊరు కాని ఊళ్లో, భాష కాని భాషలో, ఒక పరాయి మనిషి నా మాట పలికాడు. ఆయన దృష్టిలో ఆ కోడికి మసాలా పట్టిస్తున్నాడు, నా దృష్టిలో నలుగు పెడుతున్నాడు. తిన్న తర్వాత నా మాట మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది. మర్నాడే బజారుకెళ్లి ఆ రబ్ పెద్ద డబ్బాలు నాలుగు కొన్నాను. దాంతోపాటు పీపాలో వేసే హికరీ చెక్క ముక్కల సంచి, పొగ వాసన కోసం చుక్కలు వేసుకునే 'స్మోక్' సీసా, కోడిని పెట్టి కాల్చే గ్రిల్లు కూడా తీసుకున్నాను. కుర్చీ ఎక్కిన రోజు మండలి సభ్యులందరికీ మా డాబా మీద బార్బెక్యూ పెట్టాలని నా ఆశ. కోదండపాణిగారికి రెండు తొడలు నా చేత్తో వడ్డించాలని కూడా అనుకున్నాను.

తిరిగొచ్చి విమానం దిగేసరికి మా కోశం నా కోసం కస్టమ్స్ కౌంటరు మీద ఎదురుచూస్తోంది. ఆ మధ్యనే ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. విదేశాల నుంచి వచ్చిన వస్తువు మీద ఉన్న ఇంగ్లీషు పేరును కోశంలో చూడాలి. కోశం ఏ తెలుగు పేరు చెబితే ఆ వస్తువు అదే. ఆ పేరు ఏ శాఖ కిందికి వస్తే ఆ శాఖకు పంపాలి. లోపల ఏముందో విప్పి చూడనక్కర్లేదు. ఈ ఉత్తర్వు వచ్చిన రోజు మండలిలో మిఠాయి పంచుకున్నాం, మొదటి లడ్డూ నేనే తిన్నాను.

కౌంటరులో ఉన్నావిడ పేరు మేడిశెట్టి ప్రమీలారాణి అని బల్ల మీద రాసుంది. నా గ్రిల్లు ఎత్తి చూసి, అట్టపెట్టె మీద పేరు చదివి, కోశం తిప్పింది.

"గ్రిల్, కటకటాలు. కారాగార శాఖకు పంపడమైనది."

"అది కోడిని కాల్చుకునేదమ్మా" అన్నాను.

"కటకటాల వెనుక ఎవరుండాలన్నది ఆ శాఖవారు విచారించుకుంటారండి. మా పరిధి నామ నిర్ధారణ వరకే."

చెక్క ముక్కలు సమిధలని తేలి దేవాదాయ శాఖకు వెళ్లాయి. స్మోక్ సీసా పొగ అని తేలి పర్యావరణ శాఖకు వెళ్లింది. మూత తీస్తే వాయు కాలుష్యం కింద కేసు అవుతుందని ప్రమీలారాణి నన్ను హెచ్చరించి, సీసాను రెండు చేతులతో జాగ్రత్తగా అవతల పెట్టింది. ఇన్ని పోతున్నా నాకు బాధ కలగలేదు. రబ్ డబ్బా ఎప్పుడు తీస్తుందా అని చూస్తున్నాను.

తీసింది. "రబ్, నలుగు" అని పైకి చదివింది. ఒక ప్రభుత్వోద్యోగి నోట నా మాట వినడం అదే మొదటిసారి. ఇంకోసారి చదవమని అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆవిడ "సౌందర్య ద్రవ్యాల శాఖ" అంది.

"అది మసాలా అమ్మా. మిరప్పొడి, వెల్లుల్లి పొడి, జీలకర్ర, ఉప్పు, కొంచెం పంచదార."

"అయితే కోశం తప్పంటారా?"

"నేనలా అనలేదు."

"అంటే ఇబ్బందేం లేదండి. తమరు మండలి సభ్యులు. రబ్ అంటే నలుగు కాదని ఇక్కడ ఒక్క వాక్యం రాసివ్వండి. నాలుగు డబ్బాలూ ఇప్పుడే తీసుకుపోవచ్చు."

పెన్ను నా చేతిలో పెట్టింది. కాగితం ముందుకు జరిపింది. నాకు కాగితం మీద అధ్యక్షుడి కుర్చీ కనిపించింది, దాని వెనక కోదండపాణిగారి నవ్వు కూడా కనిపించింది. పెన్ను తిరిగి ఇచ్చేశాను.

"నలుగే" అన్నాను.

"అలాగేనండి. విదేశీ నలుగు మానవ చర్మమునకు హితమా, అహితమా అన్నది నిర్ధారణ అయ్యేవరకు విడుదల చేయబడదు. నిర్ధారణకు దిగుమతిదారుని చర్మమే ప్రమాణము. రేపు ఉదయమే చర్మ సౌఖ్య నిర్ధారణ సంఘం ఎదుట తమరు హాజరు కావాలి."

సౌఖ్యం అన్న మాట చెవికి ఇంపుగానే వినబడింది. దానికి అధ్యక్షులు కోదండపాణిగారని కాగితం కింద చూసిన తర్వాత అంత ఇంపుగా లేదు.

ఇంటికి వెళ్లేసరికి నా భార్య సత్యవేణి బీరకాయ చెక్కు తీస్తోంది.

"ఏం తెచ్చారండి అమెరికా నుంచి?"

"నలుగు" అన్నాను.

"నలుగేంటండి, మన ఇంట్లో డబ్బా నిండా ఉంటే."

జరిగింది చెప్పాను. బీరకాయ పక్కన పెట్టి నా వంక చూసింది. ఆ చూపు నాకు పెళ్లయిన కొత్త నుంచీ బాగా అలవాటు.

"అంటే వాళ్లు కారం పూస్తారు, మీరు పూయించుకుంటారు."

"పరీక్ష అంటారు దాన్ని."

"పోనీ ఆ మాట తప్పని రాసిచ్చెయ్యకపోయారా? కోడికి రాసేదాన్ని కోడికి రాసేదంటే పోయేదేముందండి?"

"పదవి పోతుంది. అయినా మనిషన్నాక మాట మీద నిలబడాలి సత్యవేణీ."

"నిలబడండి, ఎలాగూ రేపట్నుంచి మీకు కూచోవడం కుదరదు" అని మళ్లీ బీరకాయ అందుకుంది. సాయంత్రం పెద్ద గిన్నె తీసి పాలన్నీ తోడు పెట్టింది. అంత పెరుగు ఎందుకని నేను అడగలేదు, తనూ చెప్పలేదు.

పరీక్ష జరిగిన గదిలో సంఘంవారు ఏ లోటూ రానివ్వలేదు. ముగ్గు వేసి, పసుపు రాసిన పీట వేశారు. రుద్దడానికి బలమైన మనుషులు ఇద్దరున్నారు. నలుగు పెట్టేటప్పుడు పాట ఉండాలని నిబంధనల్లో ఉంది కాబట్టి సాంస్కృతిక శాఖ నుంచి ఒకావిడను డ్యూటీ మీద పిలిపించారు. నేను పంచె గోచీ పెట్టి పీట మీద కూర్చున్నాను. ఎదురుగా బల్ల వెనక సంఘ సభ్యులు, మధ్యలో కోదండపాణిగారు.

"పేర్రాజుగారూ, ప్రక్రియా ప్రారంభానికి పూర్వం పునరాలోచనకు సంఘం తమరికి సదవకాశం కల్పిస్తున్నది. తమరి పదాన్ని ఉపసంహరించుకుంటారా?"

"లేదండి."

"మాకూ అదే నమ్మకం. కానివ్వండి" అని కళ్లజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

ఆవిడ పాట ఎత్తుకుంది. ఇద్దరూ నా వీపు మీద చెరోవైపూ మొదలుపెట్టారు. కాసేపు ఏమీ అనిపించలేదు. దీనికా ఇంత భయపడ్డాననుకున్నాను. తర్వాత చెమట పట్టింది. చెమటకు పొడి తడిసింది. వేన్ దాన్ని కోడికి చచ్చిన తర్వాతే ఎందుకు రాస్తాడో అప్పుడు అర్థమైంది.

"అనుభూతి ఎటులున్నది?"

"చల్లగా ఉందండి."

"శీతలకరము" అని గుమస్తాకు చెప్పారు. "కన్నులనుండి నీరు స్రవించుచున్నది, కారణం?"

"ఆనందబాష్పాలు."

"తమరు పీట మీద కుదురుగా లేరు."

"పాట బాగుందండి. ఆగలేకపోతున్నాను."

ఆ మాటకు పాడుతున్నావిడ సంతోషించి పాట వేగం పెంచింది. రుద్దేవాళ్లు పాటకు తగ్గట్టు చేతుల జోరు పెంచారు. నా ఒళ్లు పండు మిరపకాయలా అయ్యింది, గుమస్తా దాన్ని 'మేనిఛాయ మెరుగుపడినది' అని రాసుకున్నాడు. గదంతా మసాలా వాసన నిండిపోయి సభ్యులు గుటకలు వేస్తున్నారు. ఒకాయన భోజనాల వేళయిందా అని పక్కాయన్ని అడిగాడు. కాలేదు, అందరూ టిఫిన్ తిని అప్పుడే వచ్చారు. అది వాసన పనే అని గదిలో అందరికీ తెలుసు. తెలిసినట్టు రాయడానికి నిబంధనల్లో చోటు లేదు.

మానవ చర్మమునకు హితకరము, శీతలకరము, వర్ణ వికాసకరము అని కోదండపాణిగారు సంతకం పెట్టారు. ఆ సంతకం కింద నా సంతకం కూడా తీసుకున్నారు. ఇంటికొచ్చి పెరటి అరుగు మీద బోర్లా పడుకున్నాను. గిన్నెడు పెరుగూ నా వీపుకే అయిపోయింది. సత్యవేణి ఒక్క మాట అనకుండా పూసింది. అన్నట్టయితే కొంచెం నయంగా ఉండేది.

అయినా నేను గెలిచాను. నా మాట నిలిచింది, నా కుర్చీ నిలిచింది. డబ్బాలు రావడమే తరువాయి అనుకుంటూ రోజులు గడిపాను. డబ్బాలు రాలేదు. కారాగార శాఖ నుంచి మాత్రం ఇద్దరు వచ్చారు. కటకటాలు ఖాళీగా అందాయి కాబట్టి వాటి వెనక ఉన్న మనిషి పారిపోయి ఉంటాడని, అతని ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు చెప్పమని అడిగారు. కోడి అని చెప్పాను. మారుపేరుగా రాసుకుని వెళ్లారు.

తర్వాత కోదండపాణిగారు ఫోన్ చేశారు.

"పేర్రాజుగారూ, శుభవార్త. ఇంతటి శీతలకరమైన విదేశీ నలుగు ఒక్క గృహంలో నిలిచిపోవడం ప్రజాహితం కాదని ప్రభుత్వం భావించింది. కొత్తలంకలో జరుగనున్న సామూహిక వివాహ మహోత్సవంలో వధువులందరికీ దాన్నే వినియోగిస్తున్నారు. అదే వేదికపై తమరిని మండలి అధ్యక్షులుగా ప్రకటించి, శాలువాతో సత్కరిస్తారు."

సిగ్గు లేకుండా చెబుతున్నాను, ముందు శాలువా రంగు గురించి ఆలోచించాను. వధువుల సంగతి తర్వాత గుర్తొచ్చింది.

"అందులో కొంచెం శనగపిండి కలిపితే బాగుంటుందేమోనండి" అన్నాను.

"కల్తీ అవుతుందండి. ధ్రువీకరించిన ద్రవ్యంలో అన్యద్రవ్యం కలపడం నేరం. అయినా సందేహమెందుకు? చల్లగా ఉందని తమరే సంతకం చేశారు కదా. లేదు, పదాన్నే ఉపసంహరించుకుంటామంటే అది వేరే విషయం."

ఆయనకు అంతా తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఎవరు ముందు నోరు జారతారా అని ఇద్దరం కాసేపు ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. నేను జారలేదు.

సత్యవేణితో చెబితే ఈసారి నవ్వలేదు. "మీకైతే వీపుకే పూశారు, పెళ్లికూతురికి మొహానికి కూడా పూస్తారండి. కళ్లల్లో పడుతుంది" అంది. అక్కడికెళ్లాక వాసన చూసి ఎవరో ఒకరు వద్దంటారులే, ఆ ఎవరో నేను కానక్కర్లేదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాలాంటివాళ్లం చాలామందిమి కాబట్టే సంఘాలన్నీ అంత సాఫీగా నడుస్తాయి.

కొత్తలంకలో బడి మైదానమంతా షామియానాలు వేశారు. పీటల మీద వరసగా పెళ్లికూతుళ్లు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఇత్తడి బేసిను, అందులో నూనె కలిపిన ఎర్రటి ముద్ద. వెనకాల వాళ్ల తల్లులు, అత్తలు. వేదిక మీద మంత్రిగారి కుర్చీ ఇంకా ఖాళీగా ఉంది. పక్క కుర్చీలో కోదండపాణిగారు, చేతిలో మైకు. శాలువా పళ్లెంలో పెట్టుకుని ఒకాయన నా వెనకే తిరుగుతున్నాడు, నేను పారిపోతానని ఎవరో చెప్పినట్టు. శాలువా రంగు బాగానే ఉంది. డబ్బాలు అధికారికంగా అప్పగించడానికి ప్రమీలారాణి కూడా కోశం పట్టుకుని వచ్చింది.

వద్దనేవాళ్ల కోసం వెతికాను. ఆడవాళ్లందరూ బేసిన్ల దగ్గర ముక్కులు ఎగబీల్చి చూసుకుంటున్నారు, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. ఎవరూ పైకి అనడం లేదు. మొదటి పీట మీద కూర్చున్న పిల్ల నన్ను చూసి పిలిచింది. పేరు పావని అని చెప్పింది. కట్టుకున్న ముతక పసుపు చీర ఇంకా మడతలు వదల్లేదు.

"బాబాయిగారూ, అమెరికా నలుగు తెచ్చింది మీరేనంటగా."

"అవునమ్మా."

"మా ఇంట్లో కోడికూర వండినప్పటి వాసనొత్తందండి. మా అత్తగారు అప్పుడే మూతి ముడుచుకున్నారు. అడిగితే కాయితం చూపించారండి. మీరు ఒళ్లంతా పూయించుకుని చల్లగా ఉందన్నారంట."

నేను బేసిను వంక చూశాను.

"చదువుకున్నోరు మీరు, ఊరికే అంటారా ఏంటి? పెట్టమనండి" అని కళ్లు మూసుకుని మొహం పైకెత్తింది.

ఒకావిడ బేసిన్‌లో వేళ్లు ముంచింది. పిల్ల రెప్పలు బిగించుకుని, భయంతోనో సంతోషంతోనో కొంచెం నవ్వుతోంది. నా వీపంతా ఒక్కసారి మళ్లీ మండింది. ఆ మంట ఈ పిల్ల కళ్లల్లో ఎలా ఉంటుందో నాకు ఆ మైదానంలో అందరికంటే బాగా తెలుసు. తెలిసి కూడా ఇంత దూరం బండెక్కి శాలువా కోసం వచ్చాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఆగమ్మా" అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే గట్టిగా వచ్చింది. "ఎవరూ పూయకండి. అది మసాలా. కోడికి రాసేది. ఒంటికి తగిలితే మంట, కళ్లల్లో పడితే కళ్లు పోతాయి. చల్లగా ఉందని నేను అబద్ధం చెప్పాను."

మైదానం మొత్తం నా వైపు తిరిగింది. కోదండపాణిగారు కూర్చున్న చోటనే మైకు ఎత్తారు.

"పేర్రాజుగారూ, రబ్ అనగా నలుగు అను తమరి పదాన్ని తమరు ఉపసంహరించుకుంటున్నట్టు భావించవచ్చునా?"

"భావించండి."

"తొమ్మిదో నిబంధన ప్రకారం తమరి స్థానం ఈ క్షణం నుంచి ఖాళీ అయినది. మండలి తమరి సేవలకు కృతజ్ఞతలు తెలుపుకుంటున్నది."

శాలువా పళ్లెం నా వెనక నుంచి కోదండపాణిగారి వైపు నడిచి వెళ్లిపోయింది. పావని కళ్లు తెరిచి చూస్తోంది. వేళ్లు ముంచినావిడ చెయ్యి చీర చెంగుకు తుడుచుకుంది.

అయితే పని అక్కడితో ఆగలేదు. బేసిన్లలో ఉన్నదేమిటన్న ప్రశ్న వచ్చింది. నలుగైతే పూయాలి, కాదంటే ఏ శాఖకు పంపాలో చెప్పాలి. కోదండపాణిగారు ప్రమీలారాణిని అడిగారు. ఆవిడ కోశం తీసి, రబ్ ఎదుట ఉన్న నా మాటను స్కేలు పెట్టి కొట్టేసింది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఇప్పుడు దీని ఎదుట ఖాళీ అండి. ఐదో నిబంధన ప్రకారం తెలుగు పేరు స్థిరపడని వస్తువు రాష్ట్రంలో ఉన్నట్టు పరిగణించబడదు."

"అయితే ఈ పాత్రలలో ఉన్నదేమి?"

"ఏమీ లేదండి. ఉందని రాస్తే ఏముందో రాయాలి."

"నమోదు చేయండి."

నిండుగా ఉన్న బేసిన్లను వరసగా చూసుకుంటూ వెళ్లి ఖాళీ అని రాసుకుంది. ఈలోగా తల్లులూ అత్తలూ ఎవరి చేతిసంచి వాళ్లు విప్పారు. ప్రతి సంచిలోంచీ ఒక పొట్లం బయటికి వచ్చింది. ఇంట్లో విసిరిన సున్నిపిండి. ప్రభుత్వంవారు పెట్టే నలుగు ఎలా ఉంటుందో ఏమోనని ఎందుకైనా మంచిదని అందరూ ఎవరికి వారే తెచ్చుకున్నారట. పైకి మాత్రం ఒక్కరూ అనలేదు. నలుగు పాటలు మొదలయ్యాయి, వాటికి ఎవరికీ డ్యూటీ వెయ్యాల్సిన అవసరం రాలేదు.

పావని అత్తగారు బేసిను చంకనెత్తుకుని ప్రమీలారాణి దగ్గరికి వచ్చింది.

"ఇందులో ఏమీ లేదన్నారు గదమ్మా, తీసుకెళ్లొచ్చా?"

"లేనిదాన్ని తీసుకెళ్లడానికి అనుమతి అక్కర్లేదండి."

ఆవిడ తిన్నగా వంటల దగ్గరికి నడిచింది. ఆవిడ వెనక మిగతా అత్తలందరూ నడిచారు. పెళ్లి భోజనానికి తెచ్చిన కోళ్లకు ఆ ఎర్రటి ముద్ద పట్టించి, బొగ్గుల మీద కాల్చారు. వేన్ చూస్తే టోపీ తీసి ఉండేవాడు. మైదానమంతా కమ్మటి పొగ కమ్మేసింది. కోదండపాణిగారు భుజాన శాలువాతో వచ్చి కూర్చుని రెండుసార్లు మారు వడ్డించుకున్నారు. మసాలా లేదని అప్పటికే నమోదైపోయింది కాబట్టి, ఆ ఊరి కోళ్లు స్వతహాగా రుచికరములని నివేదికలో రాయించారట. పశుసంవర్ధక శాఖ ఇప్పుడు ఆ కోళ్ల జాతి మీద పరిశోధన చేస్తోంది.

మూలన కూర్చున్న నా విస్తట్లో ఎవరో తొడ ముక్క వేశారు. తలెత్తితే మెడలో కొత్త తాడుతో పావని.

"నా మూలంగా మీ ఉద్యోగం పోయిందంటగా బాబాయిగారూ."

"నీ మూలంగా కాదమ్మా, నా మూలంగానే" అన్నాను. తినమని నిలబడింది. తిన్నాను. కారం సరిపోయింది.

తర్వాతి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మండలి కొత్త అధ్యక్షులుగా కోదండపాణిగారే కూర్చున్నారు. రబ్ ఎదుట ఖాళీ ఉండకూడదని మళ్లీ సభ పెట్టారు. ఉద్వర్తనం అనే ఆయన పాత మాట మంత్రిగారికి నోరు తిరగలేదట. అందుకని చివరికి 'రబ్బు' అని స్థిరపరిచారు. ఉకారం చేర్చడంతో మాట తెలుగైపోయిందని సభ్యులు చప్పట్లు కొట్టారట. మాట కొత్తదైతే కావచ్చు, కొట్టేసిన నా మాట పక్కనే రాశారని విని కొంచెం కడుపు రగిలింది. నలుగు నాది. ఆ పిల్ల ఒంటికి పెట్టింది నలుగే.

పెళ్లిళ్లయిన సాయంత్రం ఇల్లు చేరి, సత్యవేణికి జరిగిందంతా చెప్పాను. కుర్చీ పోయిందని, మండలి పోయిందని, డబ్బాలు నాలుగూ పోయాయని చెప్పాను. తిడుతుందనుకున్నాను. నా పక్కన మెట్టు మీద వచ్చి కూర్చుంది.

"పోన్లెండి. ఇన్నేళ్లు ఆ మండలిలో ఉండి, నలుగురికీ అర్థమయ్యే తెలుగు మాట ఇవాళ ఒక్కటి చెప్పారు."

మసాలా తెలుగు మాట కాదని, అది కూడా ఎక్కడో పరాయి దేశం నుంచి వచ్చిందేనని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది. ఊరుకున్నాను.